పొగకు బిళ్ళ విరుగుడు కాదు

ఈ వారం ఒక విద్యార్థిని రాసిన ఉత్తరంతో మొదలుపెడదాం. ఆమె అడిగిన సంగతులు చాలా ఇళ్ళలో ఉన్నవే కాబట్టి జవాబు కొంచెం వివరంగానే ఇస్తున్నాను.

"డాక్టరుగారికి నమస్కారములు. నేను ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ఈ వేసవిలో ఒక పరిశోధనాలయంలో రెండు నెలలు విద్యార్థి పరిశోధకురాలిగా పనిచేసే అవకాశం వచ్చింది. ఆక్సీకరణ ఒత్తిడి తగిలినప్పుడు శరీరంలోని రక్షణ కణాలు ఎలా స్పందిస్తాయనేది అక్కడి పరిశోధన. ఈ సంగతి చెప్పగానే మా నాన్నగారు, 'నేను రోజూ వేసుకునే బిళ్ళలు దానికేగా!' అన్నారు. ఆయనకు 56 ఏళ్ళు. ముప్పయ్యేళ్ళుగా రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాలుస్తున్నారు. రెండేళ్ళ నుంచి బీటా కెరొటిన్, విటమిన్ 'ఇ' ఉన్న యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు వేసుకుంటున్నారు. 'పొగ చేసే చెరుపును ఈ బిళ్ళ కడిగేస్తుంది' అంటారు. సిగరెట్టు మానమంటే వినరు. మా అమ్మగారిది వేరే భయం. ఎవరెవరి రక్తమో ముట్టుకుంటే నాకు జబ్బులు అంటుకుంటాయని ఆమె బెంగ. ప్రయోగాలకు ఒక్కోసారి విద్యార్థులే రక్తం ఇస్తారని సీనియర్లు చెప్పారు. అసలు ఈ ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఏమిటో, నాన్నగారి బిళ్ళలు మంచివో కావో, నేను ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలుపగలరు."

అమ్మా, మీ మూడు ప్రశ్నలకూ వరసగా జవాబు చెబుతాను. నాన్నగారి సంగతి మాత్రం తొందరగా తేల్చుకోవలసింది. అందుచేత దాని సారాంశం ముందే చెబుతున్నాను. ఆయన వేసుకుంటున్న బిళ్ళ ఆయనకు మేలు చేయడం లేదు సరికదా, పొగతాగే మనిషికి కీడు చేయవచ్చు. దీన్ని వేలాదిమంది మీద పరీక్షించి చూశారు. ఆ కథ తరువాత చెబుతాను.

కోసిన వంకాయ ముక్క

వంకాయ కోసి ముక్కలు గాలికి వదిలేస్తే కాసేపటికి నల్లబడతాయి. అందుకే కోసిన ముక్కను కోసినట్టే ఉప్పునీళ్ళలో వేస్తాం. ఇనుపరేకు తుప్పు పడుతుంది. చాలాకాలం నిలవున్న నూనె కంపు కొడుతుంది. ఇదంతా గాలిలోని ఆక్సిజన్ చేసే పని. దీన్నే ఆక్సీకరణం అంటారు.

మనం బతకడానికి ఆధారమైన ప్రాణవాయువు కూడా ఇదే. తిన్న అన్నాన్ని మన జీవకణాలు ఆక్సిజన్ సాయంతో నిదానంగా మండించి శక్తిని పుట్టిస్తాయి. పొయ్యి ఎంత బాగా మండినా నాలుగు నిప్పురవ్వలు ఎగరక మానవు గదా! అలాగే ఈ మంటలోనూ కొన్ని చురుకైన పదార్థాలు బయటపడతాయి. వీటిలో కొన్నింటికి జత తప్పిన ఎలక్ట్రాను ఒకటి ఉంటుంది. ఆ జత కోసం అవి పక్కనున్న అణువు నుంచి ఎలక్ట్రానును లాగేసుకుంటాయి. వీటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. వీటినీ, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి వాటి చుట్టాలనూ కలిపి మనం ఆక్సీకారకాలు అందాం. ఇవి మితిమీరితే కణం పైపొరలోని కొవ్వు, కణంలోని ప్రోటీన్లు, వంశ లక్షణాలను మోసే డి.ఎన్.ఎ. దెబ్బతింటాయి.

శరీరం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఈ రవ్వలను ఆర్పడానికి ప్రతి కణంలోనూ ఎంజైములు సిద్ధంగా ఉంటాయి. ఆహారంలో వచ్చే విటమిన్ 'సి', విటమిన్ 'ఇ' వీటికి తోడు. పుట్టే ఆక్సీకారకాలు ఎక్కువై, ఆర్పే శక్తి చాలకపోయినప్పుడు ఏర్పడే పరిస్థితే ఆక్సీకరణ ఒత్తిడి. 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ వెలువరించిన గ్రంథంతో ఈ మాట శాస్త్రలోకంలో స్థిరపడింది.

చెరిపేదీ అదే, కాపాడేదీ అదే

ఇంతవరకు చదివినవారికి ఆక్సీకారకాలు అంటే ఒట్టి శత్రువులనిపిస్తుంది. మీ నాన్నగారి వంటివారు బిళ్ళలు కొనేది ఈ నమ్మకంతోనే. మీరు చేరబోయే పరిశోధన ఇక్కడినుంచే మొదలవుతుంది.

మన రక్తంలోని తెల్లకణాలలో కొన్ని, ఒంట్లో జొరబడిన సూక్ష్మజీవిని చుట్టుముట్టి మింగేస్తాయి. అలా మింగేటప్పుడు అవి ఆక్సిజన్‌ను ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో వాడుకుంటాయని 1933లో బాల్డ్రిడ్జ్, జెరార్డ్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. మింగే శ్రమకు శక్తి కావాలి గనుక కాబోలు అనుకున్నారు. అసలు సంగతి అది కాదు. ఆ ఆక్సిజన్‌తో తెల్లకణం ఆయుధం తయారుచేసుకుంటోంది. అమెరికాలో బెర్నార్డ్ బేబియర్, ఆయన సహచరులు 1973లో ఈ సంగతి చూపించారు. తెల్లకణం ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. దాన్నుంచి మరో ఎంజైము హైపోక్లోరస్ ఆమ్లాన్ని చేస్తుంది. మంచినీళ్ళ నూతిలో బ్లీచింగ్ పౌడరు వేస్తే క్రిములను చంపేది కూడా ఈ హైపోక్లోరస్ ఆమ్లమే. అంటే పంచాయతీవారు నూతిలో చేసే పనిని తెల్లకణం తన పొట్టలో చేసుకుంటోందన్నమాట. చీములో ఒక్కోసారి కనిపించే ఆకుపచ్చ చాయ కూడా ఈ ఆమ్లాన్ని చేసే ఎంజైము రంగే.

ఈ ఆయుధం లేకపోతే ఏమవుతుంది? అలా పుట్టే పిల్లలున్నారు. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అనే ఈ జబ్బు చాలా అరుదు, ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. వీళ్ళ తెల్లకణాలు సూక్ష్మజీవిని మింగుతాయి గాని, ఆక్సీకారకాలను తయారుచేయలేవు గనుక చంపలేవు. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, గ్రంథుల్లో మాటిమాటికీ చీముగడ్డలు లేస్తాయి. మామూలు పిల్లలకు ఏమీ చేయని బూజు కూడా వీళ్ళకు ప్రాణాంతకం కావచ్చు. 1950లలో ఈ జబ్బును మొదట గుర్తించినప్పుడు పిల్లలు చాలావరకు దక్కేవారు కాదు. ఇప్పుడు రోజూ మందులు వాడించి, కొందరికి మూలుగ మార్పిడి చేసి కాపాడగలుగుతున్నారు.

ఈ జబ్బును కనిపెట్టే పాతకాలపు పరీక్ష ఒకటి చెబుతాను. ఎన్.బి.టి. అని ఒక పసుపుపచ్చని రంగు ఉంది. ఆరోగ్యవంతుడి తెల్లకణాలను రెచ్చగొట్టి ఈ రంగు తగిలిస్తే కణాల లోపల అది ముదురు నీలంగా మారుతుంది. జబ్బు పిల్లవాడి కణాల్లో మారదు. పరిశోధనాలయంలో మీకు ఈ పరీక్ష చూసే వీలు దొరికితే తప్పక చూడండి. ఆక్సీకారకాలన్నిటినీ తుడిచిపెట్టాలని కోరుకోవడం ఎంత పొరపాటో ఆ మారని రంగు చెబుతుంది.

సిగరెట్టు కాల్చే మనిషి ఛాతీలో

మరి పొగ దగ్గర ఏమి జరుగుతోంది? సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదైనా సరే, ఒక్కొక్క దమ్ములోనూ లెక్కకు మిక్కిలిగా ఫ్రీ రాడికల్స్ లోపలికి పోతాయి. మనవాళ్ళు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో కాల్చే అడ్డపొగ అయితే మరీ దారుణం. నిప్పు కొసనే నోట్లో పెట్టుకోవడంతో అంగిలి మీద కాన్సరు పుట్టడానికి దారి ఏర్పడుతుంది.

ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగను చూసి రక్షణ కణాలు పరుగెత్తుకొస్తాయి. క్రిమి ఏదో వచ్చిందన్నట్టు తమ ఆయుధాలను వదులుతాయి. అక్కడ చంపవలసిన క్రిమి లేదు. ఆ ఆయుధాలు తగిలేది మన ఊపిరితిత్తుల గోడలకే. పైగా ఆ గోడలను కాపాడుతూ ఉండే ఒక ప్రోటీనును కూడా పొగలోని ఆక్సీకారకాలు పనికిరాకుండా చేస్తాయి. ఇరవయ్యేళ్ళు, ముప్పయ్యేళ్ళు ఇదే తంతు జరిగితే గాలితిత్తుల గోడలు శిథిలమై ఆయాసం మొదలవుతుంది. మెట్లెక్కితే ఊపిరందదు.

కాబట్టి పొగతాగేవారికి రెండువైపులా దెబ్బే. బయటినుంచి వచ్చే ఆక్సీకారకాలు ఒకవైపు, వాటిని చూసి రేగిన సొంత సైన్యం వదిలేవి మరోవైపు. పొగ ఆగితే తప్ప ఈ యుద్ధం తగ్గడం మొదలుకాదు.

బిళ్ళలను పరీక్షకు పెట్టారు

కూరగాయలు, పండ్లు బాగా తినేవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తక్కువగా కనిపిస్తోందని 1980ల నాటికే గమనించారు. వాళ్ళ రక్తంలో బీటా కెరొటిన్ ఎక్కువ. కారెట్టుకూ, బొప్పాయి పండుకూ ఆ రంగునిచ్చే పదార్థం ఇది. అయితే దీన్నే బిళ్ళగా చేసి ఇస్తే సరిపోదా అనుకున్నారు. మీ నాన్నగారూ ఇలాగే ఆలోచించారు. ఆలోచన తప్పు కాదు. పరీక్షలో నిలవలేదు, అంతే.

ఫిన్లాండు దేశంలో 1985 నుంచి 1993 వరకు ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అందులో చేరినవారు 29,133 మంది. అందరూ మగవాళ్ళే, అందరూ పొగతాగేవాళ్ళే, వయసు 50 నుంచి 69 ఏళ్ళు. ఇంచుమించు మీ నాన్నగారి ఈడువారే. కొందరికి బీటా కెరొటిన్ రోజుకు 20 మిల్లీగ్రాములు, కొందరికి విటమిన్ 'ఇ' 50 మిల్లీగ్రాములు, కొందరికి రెండూ, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. 1994లో ఫలితాలు వెలువడినప్పుడు అందరూ నివ్వెరపోయారు. బీటా కెరొటిన్ వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా వచ్చింది. మొత్తం మరణాలు కూడా 8 శాతం ఎక్కువే. విటమిన్ 'ఇ' ఊపిరితిత్తుల కాన్సరును తగ్గించలేదు.

ఇదేదో పొరపాటేమో అనుకునే వీలు లేకుండా అమెరికాలో మరో ప్రయోగం జరిగింది. పొగతాగేవారు, మానినవారు, ఆస్‌బెస్టాస్ ధూళిలో పనిచేసినవారు కలిపి 18,314 మంది. వీరిలో సగం మందికి బీటా కెరొటిన్ 30 మిల్లీగ్రాములతోపాటు విటమిన్ 'ఎ' కూడా ఇచ్చారు. ఊపిరితిత్తుల కాన్సరు 28 శాతం ఎక్కువగా కనబడడంతో 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే బిళ్ళలు ఆపించేశారు.

విటమిన్ 'ఇ' సంగతి విడిగా చూద్దామని 35,533 మంది మగవారితో మరొక ప్రయోగం మొదలుపెట్టారు. ఉపయోగం లేదని తేలి 2008లో బిళ్ళలు ఆపారు. 2011లో లెక్క చూస్తే, రోజుకు 400 యూనిట్ల విటమిన్ 'ఇ' ఒక్కటే వేసుకున్నవారిలో ప్రోస్టేటు గ్రంథి కాన్సరు 17 శాతం అధికంగా తేలింది.

న్యాయానికి రెండో వైపు కూడా చెప్పాలి. చైనాలో లిన్షియన్ అనే చోట తిండి నాసిగా ఉండే గ్రామాల్లో సుమారు 29,600 మంది మీద ప్రయోగం చేశారు. బీటా కెరొటిన్, విటమిన్ 'ఇ', సెలీనియం కలిపి వేసుకున్నవారిలో మరణాలు 9 శాతం తగ్గాయని 1993లో ప్రకటించారు. అంటే ఒంట్లో కొరత ఉన్నవారికి ఆ కొరత తీరితే మేలే. కడుపునిండా తిని, పైన సిగరెట్టు కాల్చేవారికి అదే బిళ్ళ వేరే ఫలితం ఇచ్చింది.

ఇలా ఎందుకు జరిగిందన్నదానికి ఒక వివరణ ఉంది. పొగతో నిండిన ఊపిరితిత్తిలో ఎక్కువ మోతాదు బీటా కెరొటిన్ చేరితే, అది కాపలాదారుగా ఉండలేక తానే ఆక్సీకరణం చెంది చెడు పదార్థాలుగా విరిగిపోతుంది. వంకాయను కాపాడవలసిన ఉప్పునీరే వంకాయను చెడగొట్టినట్టు. ఈ జాగ్రత్త బిళ్ళలకే గాని కారెట్టు కూరకు వర్తించదు. మీ నాన్నగారు కారెట్టు, బొప్పాయి, తోటకూర, మునగాకు నిక్షేపంలా తినవచ్చు.

నాన్నగారికి ఏం చెప్పాలి?

మొదట, ఆ బిళ్ళ ఈ రోజే ఆపించండి. ఒక్కసారిగా ఆపినా ఏ ప్రమాదమూ లేదు. ఎవరైనా కంటి డాక్టరుగారు రాసిన బిళ్ళ అయితే మాత్రం ఆపేముందు ఆయనకు చూపించి, తాను పొగతాగుతానని చెప్పమనండి.

రెండోది సిగరెట్టు. 'మానండి, మానండి' అని రోజూ పోరితే మీ నాన్నగారు మీకు కనబడకుండా కాలుస్తారు. నా దగ్గరకు వచ్చే పెద్దమనుషులతో నేను అనే మాట ఇది: "మీరు బిళ్ళ కొంటున్నారంటే పొగ చెరుపు చేస్తుందని మీకు తెలుసన్నమాట. ఆ తెలివిని సరైన వైపు తిప్పండి." ముప్పయ్యేళ్ళు కాల్చాక ఇప్పుడు మానితే ఏం లాభం అంటారేమో. లాభం ఉంది. మానిన ఏడాదికి గుండెజబ్బు అదనపు ప్రమాదం సుమారు సగం తగ్గుతుంది. పదేళ్ళకు ఊపిరితిత్తుల కాన్సరు ప్రమాదం, కాలుస్తూ ఉన్నవారితో పోలిస్తే సగానికి వస్తుంది. 56 ఏళ్ళ మనిషికి ఇది చిన్న లాభం కాదు.

ఒక తారీఖు పెట్టుకుని మొత్తం మానేయడం మంచిది. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి. క్రమంగా తగ్గుతాయి. కొందరికి మానాక కొద్దిరోజులు దగ్గు, కళ్ళె ఎక్కువవుతాయి. బెదిరిపోయి మళ్ళీ అంటించవద్దు. తట్టుకోలేనివారికి నికొటిన్ చూయింగ్ గమ్, బిళ్ళలు డాక్టరు సలహాతో ఇస్తారు. కేంద్ర ప్రభుత్వం పొగాకు మానదలచినవారి కోసం 1800-11-2356 నంబరు నడుపుతోంది. ఫోను చేస్తే డబ్బు పడదు.

రెండు వారాలకు మించిన దగ్గు, కళ్ళెలో రక్తపు చార, గొంతు బొంగురుపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఛాతీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష చేయించండి. క్షయ కావచ్చు, మరొకటి కావచ్చు. తొందరగా తెలిస్తే దారి ఉంటుంది.

మరి విటమిన్లు అక్కరలేదా అంటే, కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం విటమిన్ 'సి' పెద్దవాళ్ళలో మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలి. పొగతాగేవారిలో ఇది తొందరగా ఖర్చయిపోతుంది గనుక మరికొంత ఎక్కువే కావాలి. నూరు గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. ఉసిరికాయ సంగతి చెప్పనే అక్కరలేదు. వేడి తగిలితే ఈ విటమిన్ కొంత పోతుంది కాబట్టి పప్పులోగాని, పులిహోరలోగాని నిమ్మరసం పొయ్యి మీదనుంచి దించాక పిండండి.

అమ్మగారి భయం

మీ అమ్మగారి భయం నిర్హేతుకం కాదు, అయితే జాగ్రత్తలతో దాటగలిగిన భయమే. రక్తం ద్వారా అంటుకునే వాటిలో ముఖ్యమైనవి మూడు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. జబ్బు ఉన్నవారి రక్తంతో తడిసిన సూది గుచ్చుకుంటే, టీకా వేసుకోని వారిలో హెపటైటిస్ బి నూటికి 30 మందిదాకా అంటుకోవచ్చు. హెపటైటిస్ సి నూటికి ముగ్గురికి లోపు. హెచ్.ఐ.వి. వెయ్యికి ముగ్గురికి. ముట్టుకున్నంత మాత్రాన, పక్కన నిలబడినంత మాత్రాన ఏవీ అంటవు.

అన్నిటికన్నా ఎక్కువగా అంటే హెపటైటిస్ బికి మంచి టీకా ఉంది. మీ చిన్నప్పటి టీకాల కార్డు వెతకండి. వేయించి ఉండకపోతే చేరకముందే మొదలుపెట్టండి. మొదటిది ఇప్పుడు, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. రెండు నెలల్లో వచ్చేస్తాను గదా అని మూడోది మానకండి.

పనిలో పాటించవలసినవి ఇవి. ఎవరి రక్తమైనా, మీ స్నేహితురాలిదైనా సరే, జబ్బు ఉన్నట్టే భావించి తొడుగులు వేసుకోండి. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టవద్దు. ఎక్కువగా గుచ్చుకునేది అప్పుడే. దేన్నీ నోటితో పిపెట్టులోకి పీల్చవద్దు. పరిశోధనాలయంలో టీ, టిఫిను వద్దు. గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్మాన్ని తెల్లగా కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు తప్పనిసరి.

పొరపాటున సూది గుచ్చుకుంటే పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, ధారగా పడే నీళ్ళతో కడిగి వెంటనే పైవారికి చెప్పండి. తిడతారని దాచవద్దు. హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు.

ఇక మీ రక్తం ఇవ్వడం. ప్రయోగానికి అయిదారు మిల్లీలీటర్లు తీస్తే ఆరోగ్యవంతులకు ఏ నష్టమూ లేదు. అయితే దానికి ఒక పద్ధతి ఉంది. నైతిక పరిశీలక సంఘం అనుమతి ఉండాలి, ఎందుకు తీస్తున్నారో చెప్పి మీ సంతకం తీసుకోవాలి. ఇష్టం లేదంటే ఊరుకోవాలి. గురువుగారు అడిగారు, కాదంటే ఏమనుకుంటారో అని మొహమాటపడి ఇవ్వనక్కరలేదు. హిమోగ్లోబిన్ 12కు తక్కువ ఉంటే ముందు రక్తహీనత సంగతి చూసుకోండి. మన ఆడపిల్లల్లో ఇది చాలామందికి ఉంది.

చివరగా ఒక మాట. 1960ల చివర అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్ అనే విద్యార్థి, అర్విన్ ఫ్రిడోవిచ్ అనే గురువు దగ్గర పరిశోధన చేస్తున్నాడు. ఒక రసాయనిక చర్య అనుకున్నట్టు సాగకుండా ఏదో అడ్డుపడుతోంది. ప్రయోగం చెడిందని పారేయకుండా ఆ అడ్డు ఏమిటని వెతికాడు. అది సూపరాక్సైడ్‌ను ఆర్పే ఎంజైము అని 1969లో గురుశిష్యులిద్దరూ లోకానికి చెప్పారు. ఆ ప్రోటీనును పశువుల రక్తం నుంచి 1938లోనే వేరుచేశారు. రాగిని దాచుకునే పదార్థమని అనుకుని ఊరుకున్నారు. మన కణాల్లో ఆక్సీకారకాలను ఆర్పే పనివాడు ఒకడున్నాడని ఒక విద్యార్థి పట్టుదల వల్ల తెలిసింది. ఫిన్లాండువారు కూడా తమకు నచ్చని ఫలితాన్ని దాచలేదు కాబట్టే ఈ రోజు మీ నాన్నగారికి నేను ఈ సలహా చెప్పగలుగుతున్నాను. మీ ప్రయోగంలో అనుకోని అంకె వస్తే కొట్టివేయకుండా నోటుపుస్తకంలో రాసిపెట్టండి.

మరికొన్ని ప్రశ్నలు

*"రోజూ వ్యాయామశాలకు వెళ్తున్నాను. అలసట తగ్గడానికి విటమిన్ 'సి', 'ఇ' బిళ్ళలు వేసుకోమంటున్నారు. వేసుకోవచ్చా?"* - ఒక యువకుడు, కర్నూలు

అక్కరలేదు. వ్యాయామంలో ఆక్సీకారకాలు కొద్దిగా పుట్టడం నిజమే. ఆ చిన్న దెబ్బకే కణాలు మేలుకుని తమ సొంత రక్షణ పెంచుకుంటాయి. 2009లో జర్మనీలో యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించి చూశారు. బిళ్ళలు వేసుకోనివారిలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. రోజూ విటమిన్ 'సి' 1,000 మిల్లీగ్రాములు, విటమిన్ 'ఇ' 400 యూనిట్లు వేసుకున్నవారిలో ఆ లాభం కనబడలేదు. నీళ్ళు, అన్నం, పప్పు, పండు, నిద్ర - ఇవి చాలు.

*"2021లో కరోనా వచ్చినప్పటి నుంచి రోగనిరోధక శక్తి కోసం విటమిన్ 'సి', జింకు బిళ్ళలు మానకుండా వేసుకుంటున్నాను. ఇంకా ఎంతకాలం వేసుకోవాలి?"* - ఒక గృహిణి, వరంగల్లు

ఆపేయండి. కరోనా రోగులకే ఈ రెండూ పెద్ద మోతాదులో ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2021లోనే వచ్చాయి. జబ్బు తొందరగా తగ్గలేదు. జింకు ఎక్కువకాలం ఎక్కువ మోతాదులో వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత వస్తుంది. విటమిన్ 'సి' రోజుకు రెండు గ్రాములు దాటితే విరేచనాలు పట్టుకోవచ్చు, కొందరికి మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడవచ్చు.

*"మా మనవడికి పదిరోజులు. పెట్టెలో దాచిన పాతబట్టలు తొడిగాక ఒళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వచ్చింది. ఆసుపత్రిలో 'కలరా ఉండలు పెట్టారా?' అని అడిగారు. దానికీ దీనికీ సంబంధం ఏమిటి?"* - ఒక అమ్మమ్మగారు, రాజమండ్రి

చాలా సంబంధం ఉంది. ఇది కూడా ఆక్సీకరణ ఒత్తిడే. కొందరు పిల్లల ఎర్రకణాల్లో జి-6-పి.డి. అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. ఎక్కువగా మగపిల్లల్లో. మామూలుగా ఏ బాధా ఉండదు. కలరా ఉండల్లోని నాఫ్తలీను, మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్, కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్ వంటివి తగిలితే ఎర్రకణాలు ఆక్సీకరణ దెబ్బకు తట్టుకోలేక పగిలిపోతాయి. కామెర్లు, రక్తహీనత వస్తాయి. పసిపిల్లల్లో కామెర్లు ముదిరితే మెదడుకు ప్రమాదం. బాబుకు ఆ పరీక్ష చేయించి, ఫలితం కాగితం మీద రాయించి భద్రపరచండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా చూపించండి. పసిపిల్లల బట్టల దగ్గర కలరా ఉండలు ఎవరూ పెట్టవద్దు. దాచిన బట్టలను ఉతికి ఎండలో ఆరేశాకే తొడగండి.